గంగాళంలో క్రికెట్ జట్టు

ఇలాంటివి పింఛను పుచ్చుకున్న పెద్దలు తీరిగ్గా కూర్చుని రాసుకుంటారు. నాకింకా ముప్పై నిండలేదు. పింఛను దాకా ఉండే ఓపిక లేక రాజీనామా కాగితం బల్ల మీద పడేసి బయటికొచ్చినవాణ్ణి. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఈ ఏడాది మా వీధి నుంచే ముగ్గురు తమ్ముళ్ళు గుమాస్తాలుగా చేరుతున్నారు. జీతం ఎంతో, సెలవులు ఎన్నో వాళ్ళకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అబద్ధం ఫైల్లోకి ఎలా ఎక్కుతుందో చెప్పేవాళ్ళు లేరు. అది నా కళ్ళ ముందు జరిగింది. సగం నా చేతుల మీదుగానే జరిగింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో మద్రాసు నుంచి ఫైళ్ళ పెట్టెలతో పాటు దిగినవాళ్ళలో నేనొకణ్ణి. పుట్టింది, పెరిగింది, చదివింది అంతా మద్రాసే. ఇక్కడికి రాగానే ఒక డేరా చూపించి ఇదే ఆఫీసు అన్నారు. ఎండకు డేరా గుడ్డ కాగిపోయి లోపల మనుషులం ఉడికిపోయేవాళ్ళం. మధ్యాహ్నానికి బుడ్డిలో సిరా చిక్కబడేది. ఏడాది తిరిగాక ఒక పాత మిద్దె ఇచ్చారు, కిటికీలకు వట్టివేళ్ళ తడికెలు కట్టారు. అదే మాకు స్వర్గం.

మా సెక్షనుకంతటికీ ఒకటే టెలిఫోను. ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడతానని దాన్ని నా బల్ల మీద పెట్టారు. అంతే, నాకు కొమ్ములు మొలిచాయి. మోగకపోయినా రిసీవరు ఎత్తి లైను ఉందో లేదో చూసేవాణ్ణి. కుడిచేత్తో ఫైలు రాస్తుంటే ఎడమచెయ్యి ఫోను మీదే ఉండేది. మా హెడ్ గుమాస్తాది రాజంపేట. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, “ఏమబ్బీ, రేపు నీ పెండ్లికి దాన్ని గూడా పీటల మీద కూచోబెడతావా?” అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. నీళ్ళు వెచ్చగా ఉన్నా వచ్చేది.

రికార్డు గదిలో ఒక బైండరు ఉండేవాడు. కర్నూలు పాత ఊరి సాయిబు, యాభై దాటిన మనిషి. అందరం భాయ్ అనేవాళ్ళం. మద్రాసు నుంచి లారీల్లో వచ్చిన ఫైళ్ళు దారిలో వానకు తడిసి, ఎండకు ఎండి, అట్టల్లాగా అతుక్కుపోయి ఉంటే వాటిని విడదీసి మళ్ళీ కుట్టడం ఆయన పని. ఏ కాగితం అతుక్కుని వచ్చినా ముందు దాని అంచును నాలుక కొసతో తాకి చూసేవాడు. చప్పగా ఉంటే తుమ్మబంక, పులిసినట్టుంటే గంజి. నోరు చేదై వెంటనే ఉమ్మేశాడంటే అది పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపిన మైదా. బంక ఏదో తెలిస్తేగానీ కాగితం మీద చెయ్యి వేసేవాడు కాదు. మొదట్లో నాకది రోతగా ఉండేది. ఒక నెల చూశాక, నాలుక పెట్టకుండా ఫైలు విప్పేవాళ్ళను చూస్తే రోత పుట్టింది.

ఆయన రోజుకూలీ. అంతకుముందు ఇంకే ఆఫీసుల్లోనో పదేళ్ళు కుట్టాడు, మా దగ్గర రెండేళ్ళు. ఆ వేసవిలో రోజుకూలీల్లో కొందరిని పర్మనెంటు చేస్తారని జాబితా తయారవుతోంది. అందులో భాయ్ పేరు రెండోది. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన మాత్రం ఎక్కడా ఎత్తేవాడు కాదు. ఒక్కసారి నాతో, పర్మనెంటు అయితే జబ్బు చేసిన రోజు ఇంట్లో పడుకోవచ్చు గదా అన్నాడు. పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి అడిగింది అంతే.

ఇక మా ఆఫీసరు. చిన్నప్పుడు వాళ్ళ మేనమామ కాల్చే సిగరెట్టు పెట్టెల్లో వచ్చే క్రికెట్ ఆటగాళ్ళ బొమ్మల అట్టలు పోగుచేశాడట. ఒక్కొక్కటి అరచేతిలో సగం ఉంటుంది. ముందువైపు రంగుల్లో ఆటగాడు, వెనకవైపు వాడి చరిత్ర అచ్చువేసి ఉంటుంది. వాటిని ఒక ఆల్బంలో ఎంచక్కా అంటించేశాడు. ఇన్నాళ్ళకు మద్రాసు నుంచి ఒక పెద్దాయన లెక్కల తనిఖీకి వస్తున్నాడు. ఆయనకు ఈ అట్టలంటే పిచ్చి. పాతకాలపు జట్టు ఒకటి, పదకొండుమందీ కలిసి, ఆయన దగ్గర లేదు. మా ఆఫీసరు ఆల్బంలో ఉంది. ఆయన అట్ట చేతికి తీసుకోగానే ముందు వెనక్కి తిప్పి చదువుతాడట. అందుకని వెనక అక్షరం చెడకుండా పదకొండుమందినీ ఊడదీయాలి. మా ఆఫీసరు ప్రమోషను ఆ పెద్దాయన రాసే రెండు వాక్యాల మీద ఉంది.

సొంత ఆల్బం. ఆఫీసు టైము. ఆఫీసు బైండరు. అప్పుడు నాకిందులో తప్పేమీ కనపడలేదు. ఆఫీసరు నాకే స్వయంగా ఫోను చేసి చెప్పాడని రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాను.

భాయ్ ఆల్బం అంచు నాకి చూశాడు. తుమ్మబంకే అన్నాడు, కానీ ముప్పై ఏళ్ళ నాటిది, రాయయిపోయింది. నీళ్ళు తగిలితే రంగు పోతుంది, పొడిగా లాగితే వెనక అచ్చు పోతుంది. ఆయన ఒక ఇత్తడి గంగాళం తెచ్చాడు. అడుగున హంద్రి ఏటి ఇసుక పోసి తడిపాడు. దాని మీద వెదురు తడిక, తడిక మీద విప్పిన ఆల్బం, పైన మైనపు గుడ్డ కప్పి చుట్టూ తాడు బిగించాడు. ఒక పగలు, ఒక రాత్రి అలా వదిలేశాడు. ఇసుక చెమ్మకు బంక దానంతటది మెత్తబడుతుంది. అప్పుడు గుడ్డ కొంచెం ఎత్తి, అద్దంలా నున్నగా గీకిన వెదురు పేడు అట్ట కిందికి పోనిచ్చి, వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరిపి, ఒకణ్ణి బయటికి తీసేవాడు. వెంటనే మిగతావాళ్ళను కప్పేసేవాడు. కర్నూలు ఎండలో ఆ చెమ్మ రెండు నిమిషాలు కూడా నిలవదు. తీసినవాణ్ణి అద్దుడు కాగితాల మధ్య ఉంచి పైన బరువు పెట్టేవాడు. రోజుకు ఇద్దరు, మహా అయితే ముగ్గురు.

నేను పక్కన నిలబడి చూస్తూ, ఇంకొంచెం తొందరగా కాదా భాయ్ అని అడిగాను. ఆయన పేడు ఆపకుండానే, “తొందరపడితే అట్ట ఆడే ఉంటాదప్పా, మనిషి నీ ఏలికి వస్తాడు” అన్నాడు. ఆదివారానికి పదకొండుమందీ వస్తారని చెప్పాడు.

గురువారం సాయంత్రం ఫోను మోగింది. వచ్చే వారం రావలసిన పెద్దాయన శుక్రవారమే వస్తున్నాడు. మధ్యాహ్నం రెండింటికి అట్టలు కావాలి, అవుతుందా అని అడిగాడు ఆఫీసరు. నేను భాయ్‌ను అడగాలి. రికార్డు గది పది అడుగుల దూరం. కానీ రిసీవరు చేతిలో ఉన్నప్పుడు కాదు అనడం నాకు రాదు. అవుతుంది సార్ అన్నాను. సరే, ఒప్పుకున్నాను, ఆ మాటైనా భాయ్‌కి చెప్పానా అంటే అదీ లేదు. రేపు పొద్దున చెబుదాంలే అనుకున్నాను. పొద్దున చెబితే తిడతాడని చెప్పలేదు.

శుక్రవారం పన్నెండు దాటాక భాయ్ నమాజుకు వెళ్ళాడు. అప్పటికి బయటికొచ్చింది నలుగురు. ఇంకా ఏడుగురు గంగాళంలో. ఫోను రెండుసార్లు మోగింది, రెండుసార్లూ అయిపోతోంది సార్ అన్నాను. అంతమంది కాకపోయినా కెప్టెను ఒక్కడుంటే పరువు దక్కుతుంది అనిపించింది. మద్రాసులో చిన్నప్పుడు మేం కవర్ల మీద స్టాంపులు ఆవిరి పట్టి ఊడదీసేవాళ్ళం. ఆ చదువు గుర్తొచ్చింది. వరండాలో టీ కాచే కెటిలు ఉంది. మైనపు గుడ్డ విప్పి, కెప్టెను ఉన్న పేజీని ఆల్బంలోంచి విడదీసి, కెటిలు మూతి దగ్గర పెట్టాను.

అట్ట లేచింది. ఆ సంబరంలో బొటనవేలు ముందువైపు గట్టిగా అదిమి లాగాను. ఆవిరికి వెనక బంకే కాదు, ముందున్న నున్నటి పూత కూడా కరుగుతుందని నాకేం తెలుసు? అట్ట చేతికొచ్చింది. కెప్టెను మొహం వేలికొచ్చింది. టోపీ, కళ్ళు, సగం మీసం నా బొటనవేలి మీద ఉన్నాయి. అట్ట మీద మెడ కింది నుంచి ఒక మనిషి బ్యాటు పట్టుకుని ధీమాగా నిలబడి ఉన్నాడు.

రెండింటికి అట్టల కోసం కారు పంపుతాడనుకుంటే, ఆఫీసరే వచ్చాడు. అదే నిమిషంలో భాయ్ నెత్తి మీద టోపీతో లోపలికొచ్చాడు. ఆఫీసరు తలలేని కెప్టెనును చూశాడు, భాయ్‌ను చూశాడు. ఇక అడగలేదు. నోటికొచ్చినట్టు తిట్టాడు. నేను మధ్యలోకి వెళ్ళి, చేసింది నేను సార్, ఆయన ఇక్కడ లేనే లేడు అన్నాను. నా వేలు కూడా చూపించాను.

ఆయన నా వేలి వంక చూడనైనా చూడలేదు. “నువ్వు బి.ఏ. చదివినవాడివి, బంక పని నువ్వెందుకు ముట్టుకుంటావు? వాణ్ణి వెనకేసుకురావడానికి నా దగ్గర అబద్ధాలాడకు.”

తమ్ముళ్ళూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తప్పు చేసినవాడు నేనే చేశాను అని మొత్తుకుంటున్నాడు. వినేవాడు నీలాంటివాడు చేయడు అంటున్నాడు. అతనికి దోషి ఎవరో ముందే తెలుసు. రోజుకూలీ ఎవరుంటే వాడే. రేపటి నుంచి రావద్దని ఆఫీసరు చెప్పాక భాయ్ తన పేడు, కాగితం మడిచే ఎముక కత్తి, దారపు ఉండ గుడ్డలో మూట కట్టుకుని వెళ్ళిపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. పర్మనెంటు జాబితాలో ఉన్న మనిషిని ఊరికే తీసేస్తే పైనుంచి కారణం అడుగుతారు. సాయంత్రం ఆఫీసరు నన్ను పిలిచి మెమో రాయమన్నాడు. ప్రభుత్వ రికార్డును నిర్లక్ష్యంగా పాడుచేసినందుకు బైండరును తొలగించడమైనది అని. ఏ రికార్డు సార్ అని అడిగాను. పాత రికార్డు అన్నాడు. సిగరెట్టు పెట్టెలో వచ్చిన బొమ్మ ఒక్క పూటలో ప్రభుత్వ రికార్డు అయిపోయింది.

నా బల్ల దగ్గరికొచ్చి చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. హెడ్ గుమాస్తా కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పాడు. “రాసియ్యబ్బీ. ఆయప్ప చేతిలో పనుండాది, యాడైనా బతుకుతాడు. నీకేముండాది? ఈ ఫోనొకటి.” ఆయన చెడ్డవాడు కాదు. నా మంచికోరే అన్నాడు. అందుకే నాకు ఇంకా మండింది. చేతిలో పని ఉంది కాబట్టి అన్యాయం చేయొచ్చు, చేతకానివాణ్ణి కాబట్టి నన్ను కాపాడాలి. ఇదేం లెక్క?

మెమో రాయలేదు. దాని బదులు ఉన్నది ఉన్నట్టు ఒక నోటు రాశాను. పాడైంది క్రికెట్ కెప్టెను బొమ్మ అట్ట ఒకటి. అది ఆఫీసరుగారి సొంతం. పాడుచేసింది ఈ కింద సంతకం చేసిన గుమాస్తా. బైండరు ఆ సమయంలో నమాజులో ఉన్నాడు. ఆ నోటుకు తలలేని కెప్టెనును సూదీ దారంతో జతగా కుట్టాను. నా కుట్టు వంకరగానే వచ్చింది. తర్వాత ఆఫీసుకు వచ్చే కాగితాలు ఎక్కించే ఇన్వర్డు రిజిస్టరు తెరిచి దానికి నంబరు వేశాను. మీరు చేరగానే నేర్చుకునే మొదటి సంగతి ఇదే: నంబరు పడిన కాగితాన్ని మాయం చేయడం మంత్రికి కూడా కష్టం. అప్పుడు నేనే ఆఫీసరుకు ఫోను చేసి ఆ నంబరు చదివి వినిపించాను. చింపెయ్ అన్నాడు. నంబరు పడింది సార్ అన్నాను. ఫోను పెట్టేశాడు.

విచారణ తప్పలేదు. వేరే ఆఫీసరు వచ్చేదాకా సాక్ష్యాన్ని ఎవరూ ముట్టుకోకూడదని నేనే పట్టుబట్టాను. గంగాళాన్ని ఉన్నది ఉన్నట్టుగా, మైనపు గుడ్డ బిగించి, బీరువాలో పెట్టి తాళం వేయించి, తాళం మీద లక్క కరిగించి సీలు నొక్కింది నేనే. ఆ రోజు నాకు యుద్ధం గెలిచినట్టుంది.

విచారణాధికారి నాలుగు వారాలకు వచ్చాడు. బీరువా తెరవగానే గుప్పున బూజు వాసన కొట్టింది. అందరం ముక్కులు మూసుకున్నాం. ఆల్బం మీద పచ్చగా, నల్లగా ఏదో మొలిచి ఉంది. ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని ఒకసారి వంగి చూసి, చాలు మూసేయండి అన్నాడు. నన్ను అడిగాడు, హెడ్ గుమాస్తాను అడిగాడు. హెడ్ గుమాస్తా ఆ పూట నిజమే చెప్పాడు, దానికి ఆయనకు దణ్ణం పెట్టాలి.

అప్పటికి పర్మనెంటు జాబితా వెళ్ళిపోయింది, భాయ్ పేరు లేకుండా. విచారణ ఆర్డరు బయటికి రావడానికి ఇంకా ఎన్నో నెలలు పట్టింది. ఆలోగా రాజధాని హైదరాబాదుకు మారింది, మళ్ళీ ఫైళ్ళు లారీలెక్కాయి, వాటి వెంట మేమూ. ఆఫీసరుకు ప్రమోషను వచ్చింది. ఆర్డరులో ఏముందంటే, బైండరు తప్పు ఏమీ లేదు, గుమాస్తా తొందరపాటు వల్ల జరిగింది, గుమాస్తాను హెచ్చరించడమైనది. బైండరు కోరుకుంటే హైదరాబాదులో కొత్తగా రోజుకూలీగా చేరవచ్చు. ఒక సొంత ఆల్బం ప్రభుత్వ ఆఫీసులోకి నడిచి ఎలా వచ్చిందో ఆ రెండు పేజీల్లో ఎక్కడా లేదు. పన్నెండేళ్ళ సర్వీసు ఏమైందో అంతకన్నా లేదు. మెమో రాయమన్నవాడి ఊసే లేదు. చదివి, ఆ మధ్యాహ్నమే రాజీనామా రాశాను. సొంత కారణాలు అని రాయమన్నారు, అందరూ అలాగే రాస్తారట. నేను అసలు కారణం రాశాను. చేతికి ఇచ్చిన ఆర్డరు నకలు తీసుకుని కడప బస్సెక్కాను. భాయ్ అక్కడ అల్లుడి దగ్గర ఉంటున్నాడని హెడ్ గుమాస్తా చెప్పాడు.

కడపలో ఒక సందులో, తలుపంత వెడల్పున్న అంగడి. బడులు తెరిచే రోజులు. చుట్టూ పిల్లల నోటుబుక్కులు గుట్టలుగా ఉన్నాయి. భాయ్ నేల మీద కూర్చుని కుడుతున్నాడు. నన్ను చూసి, రాప్పా అని చాప జరిపాడు. అల్లుణ్ణి పంపి టీ తెప్పించాడు. ఆర్డరు చదివి వినిపించాను. తప్పు ఏమీ లేదు అన్నచోట ఆపి, మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

“ఆయప్ప పేరు లేదా?”

“లేదు భాయ్.”

“నీదుండాది.”

“ఉంది.”

హైదరాబాదు సంగతి అడిగాను. తల అడ్డంగా ఊపాడు. “ఈ వయసులో మళ్ళా మొదటి దినం కూలీ యాడ జేస్తానప్పా. ఈడ బాగుండాది. జొరమొస్తే పండుకుంటాండా.”

ఆ మాట విని నాకు కడుపు మండిపోయింది. ఆఫీసరు ప్రమోషను, హైదరాబాదులో అతనికిచ్చిన బంగళా, పెద్దాయన అట్టలు లేకపోయినా రాసిచ్చిన రెండు వాక్యాలు, నా రాజీనామా, అన్నీ ఒక్క గుక్కలో కక్కేశాను. ఆయన కుడుతూనే విన్నాడు. నాకంత కోపం వస్తుంటే ఈ మనిషికి ఎందుకు రాదని ఆయన మీద కూడా కోపం వచ్చింది. నేను చెప్పడం అయ్యాక దారం కొరికి అడిగాడు.

“మిగిలినోళ్ళను ఎవురు తీసిరి?”

నాకు అర్థం కాలేదు. “ఎవరిని?”

“గంగాళంలో ఇంకా ఆరుగురుండారు గదప్పా.”

సీలు గురించి చెప్పాను. నాలుగు వారాల గురించి, వాసన గురించి, పచ్చగా మొలిచినదాని గురించి చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు తగ్గుతూ వచ్చింది.

“సీలు ఎవురేసినారు?”

“నేనే.”

ఆయన సూది కింద పెట్టాడు. ఆ మనిషి మొహం అలా మారడం నేను ఎప్పుడూ చూడలేదు, ఉద్యోగం ఊడిన రోజు కూడా చూడలేదు.

“ఆ సారుకు నా మింద కోపం. నీకు ఆ సారు మింద కోపం. నడుమ వాళ్ళేం జేసినారప్పా? ఆరుగుర్ని తడిలో బెట్టి తాళమేసి పోతావా? బయటికి తీసి ఆరబెట్టే మనిషే లేకపాయనా అంత పెద్ద ఆఫీసులో?”

నంబరు, సాక్ష్యం, విచారణ అని ఏదో మొదలుపెట్టాను. ఆయన వినలేదు. పక్కన ఉన్న నోటుబుక్కు ఒళ్ళోకి లాక్కుని కుట్టడం మొదలుపెట్టాడు. టీ చల్లారిపోయింది. నాకు ఆ ఆఫీసులో ప్రతివాడి మీదా కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. ఆయన మాత్రం కోపంగా చూసింది నన్నొక్కణ్ణే.